తప్పు అమ్మది కాదు, బోర్డుది
మొన్న పిన్ని వాళ్ల కొత్త ఫ్లాట్‌లో అమ్మ ఫ్యాన్ వేద్దామని వెళ్తే బోర్డు మీద అన్నీ ఒకేలాంటి తెల్ల స్విచ్‌లే, ఒకటి నొక్కితే బాల్కనీ లైటు, ఇంకోటి నొక్కితే ఏమీ లేదు, చివరికి "వయసైపోయిందే, బుర్ర పనిచెయ్యట్లేదు" అని చెమటలు తుడుచుకుంటూ కూర్చుండిపోయింది. నాకైతే ప్రాణం ఉసూరుమంది.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బీ-17 బాంబర్ విమానాల పైలట్లకీ ఇదే గతి. రన్‌వే మీద దిగాక ఫ్లాప్స్ (దిగేటప్పుడు రెక్కల వెనక కిందికి దించే పలకలు) బదులు చక్రాలు మడిచేసేవాళ్లు, అంత పెద్ద విమానం పొట్ట మీద కూలబడేది. పైలట్ తప్పు అని రాసేసేవాళ్లంట. ఆల్ఫోన్స్ చపానిస్ అనే సైకాలజిస్ట్ వెళ్లి చూస్తే ఆ రెండు కంట్రోళ్లూ పక్కపక్కనే, అచ్చం ఒకేలా ఉన్నాయి! చక్రాలదానికి చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్స్‌దానికి రెక్కలాంటి ముక్క తగిలించాడు, అంతే, చూడక్కర్లేకుండా చేతికే తెలిసిపోద్ది. ఇప్పటి విమానాల్లో కూడా చక్రాల లివర్ పిడి చక్రంలాగే ఉంటది. 1959లో ఆయన స్టవ్ నాబ్‌ల మీద కూడా ప్రయోగాలు చేశాడు, ఏ నాబ్ ఏ బర్నర్‌దో జనం ఎక్కడ తికమక పడతారో చూడ్డానికి.

మన దగ్గరేమో వైరు ఎటు సులువైతే అటు కలిపేస్తారు, ఇంట్లోవాళ్లని ఎవరూ అడగరు. పిన్నికి చెప్పా, ఫ్యాన్ స్విచ్ మీద వేలికి తగిలేలా ఓ బొడిపె స్టిక్కర్ అతికించమని.