మా బడి గోడ మీద ఇటలీ సినిమా

మొన్న సంక్రాంతికి మా ఊరి బడి గోడ మీద ‘బైసికిల్ థీవ్స్’ వేశాం. ఇటలీ సినిమా, 1948 నాటిది, నలుపు తెలుపు. మా ఊరు మహబూబ్‌నగర్ జిల్లా దేవరకద్రకు దగ్గర. చూడడానికి వచ్చినవాళ్ళలో సగం మంది పండక్కని పుణె నుంచి, ముంబై నుంచి వచ్చిన కూలీలు, మేస్త్రీలు. మిగతా సగం ఆడవాళ్ళు, పిల్లలు. చివరి దాకా అందరూ కూర్చున్నారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఎలా చేశారని అడుగుతున్నారు కాబట్టి మొదటి నుంచి రాస్తున్నాను.

బీఎడ్ చదివే రోజుల్లో హైదరాబాద్‌లో ఒక ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనలో ఈ సినిమా చూశాను. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక రోమ్ నగరంలో పని దొరకని ఒక మనిషికి గోడలకు పోస్టర్లు అంటించే పని దొరుకుతుంది. సైకిల్ ఉంటేనే పని. ఆ సైకిలేమో తాకట్టులో ఉంది. అప్పుడు భార్య ఒక్క మాట ఎక్కువ మాట్లాడకుండా మంచం మీది దుప్పట్లు లాగి మూట కడుతుంది. అక్కడ నాకు మా అమ్మ కనిపించింది. నాన్న మొదటిసారి బొంబాయి పోయిన ఏడు అమ్మ ఇత్తడి బిందెలు రెండూ అలాగే మాట్లాడకుండా మూట కట్టింది. సినిమా అయిపోయాక చర్చలో చాలామంది చాలా మంచి మాటలు చెప్పారు గానీ, దీన్ని అమ్మకు చూపించాలి అన్నదొక్కటే నా మనసులో ఉంది.

చూపించాను కూడా. మూడేళ్ళ కిందట, ఇంట్లోనే, నా ల్యాప్‌టాప్‌లో. నాలుగు వారాలు కూర్చుని తెలుగు సబ్‌టైటిల్స్ రాశాను. ఇటాలియన్ నాకు రాదు, ఇంగ్లీషు ద్వారా అర్థం చేసుకుని రాసుకున్నదే. అమ్మ, పక్కింటి పెద్దమ్మ, ఎదురింటి అవ్వ, ఇంకో ఇద్దరు వచ్చారు. పది నిమిషాలకే సంగతి అర్థమైంది. అమ్మ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతుంది. ఆమె లైను సగానికి వచ్చేసరికి ఆ లైను పోయి ఇంకోటి వస్తోంది. అవ్వకు చదువే రాదు. ప్రతి మాటకూ నా మోచెయ్యి పట్టుకుని “ఏమంటున్నరు బిడ్డా?” అని అడిగేది. నేను చెప్పడం మొదలుపెట్టాను. నేను చెప్తున్నప్పుడు ఐదుగురూ బొమ్మ చూశారు. ఆపగానే నా మొహం చూశారు.

అంటే రాసింది పనికిరాదు, పైకి చదవాలి. ఈ చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు అన్ని వారాలు పట్టింది. మన పల్లెల్లో ఇలాంటి సినిమాలు ఎవరూ చూడరని చాలామంది తేల్చేస్తారు. చూడకపోవడానికి కారణం అభిరుచి లేకపోవడం కాదు, వాళ్ళకు అందే భాషలో ఎవరూ ఇవ్వకపోవడమే. ఇది నేను గట్టిగా నమ్ముతాను.

ఇంట్లో ఐదుగురికి చూపించడం వేరు, ఊరందరికీ వేయడం వేరు. నిజానికి ఊరి కోసం నేను మొదట అనుకున్నది ఇరాన్ సినిమా ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’, ఒక జత బూట్లను పంచుకుని తొడుక్కునే అన్నాచెల్లెళ్ళ కథ. అది 1997 నాటిది, హక్కులు ఇంకా ఉన్నాయి. కొనుక్కున్న డీవీడీ ఇంట్లో చూసుకోవడానికే, పదిమందికి వేయాలంటే హక్కుదారుల అనుమతి కావాలి. రెండు నెలల్లో మూడు మెయిళ్ళు పెట్టాను, జవాబు రాలేదు. అప్పుడు హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీలో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న ఒక పెద్దాయనకు ఫోన్ చేశాను. మన చట్టం ప్రకారం సినిమా మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళే ఉంటుందని ఆయన చెప్పారు. ఆ లెక్కన 1948 సినిమా హక్కు మన దేశంలో 2008తో తీరిపోయింది. “అట్లని తీసుకుపోయి వేసెయ్యకమ్మా, పబ్లిక్‌గా వేయాలంటే సెన్సార్ సంగతి వేరే ఉంటుంది” అని కూడా ఆయనే హెచ్చరించారు. చివరికి మా ఊరి ప్రదర్శన వాళ్ళ సొసైటీ తరఫునే పెట్టుకున్నాం. ఆ కాగితాలన్నీ ఆయనే చూసుకున్నారు, సినిమా కాపీ కూడా ఆయనే పంపారు. మీ ఊళ్ళో చేయాలనుకుంటే ముందుగా ఇలాంటి ఒక సొసైటీని పట్టుకోండి. మన దేశంలో ఫిల్మ్ సొసైటీలన్నీ కలిసి 1959లోనే ఒక ఫెడరేషన్‌గా ఏర్పడ్డాయి, దానికి మొదటి అధ్యక్షుడు సత్యజిత్ రాయ్. ఈ పనిలో పండిపోయినవాళ్ళు వాటిలో ఉంటారు, అడిగితే సంతోషంగా చేస్తారు.

బడి గోడకు హెడ్‌మాస్టర్ వెంటనే ఒప్పుకున్నారు. మైకు కోసం పోలీస్ స్టేషన్‌లో దరఖాస్తు ఇచ్చాం. రాత్రి 10 దాటాక లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు, మాకు ఎనిమిదిన్నరకే అయిపోతుంది కాబట్టి ఇబ్బంది రాలేదు.

అసలు కష్టం మాటల దగ్గర వచ్చింది.

మా చిన్నాయన భజన మండలిలో హార్మోనియం వాయిస్తాడు. వయసులో ఉన్నప్పుడు వీధి భాగోతాల్లో వేషాలు కట్టేవాడు. మగ పాత్రలకు ఆయన గొంతు, ఆడవాళ్ళకూ పిల్లవాడికీ నా గొంతు అనుకున్నాం. నేను రాసిన కాగితాలు చదివి వినిపించాను. “నాకు ఉద్యోగం లభించింది, కానీ సైకిల్ తప్పనిసరి అంటున్నారు.” చిన్నాయన అక్కడే ఆపేశాడు. “గిది బడిల చదివే మాట బిడ్డా. వాడు కూలోడు గదా, ఇంటిదానితోని గిట్ల మాట్లాడ్తడా?”

మళ్ళీ మొదటి నుంచి రాశాం. ఈసారి రోజూ రాత్రి తిన్నాక, చిన్నాయన ఇంటి అరుగు మీద, చిన్నమ్మ కూడా కూర్చునేది. ఉద్యోగం పోయి “నౌకరి” వచ్చింది. తాకట్టు పోయి “కుదువ” వచ్చింది. దుప్పట్లు అంటే మా దగ్గర కప్పుకునేవి. సినిమాలో భార్య లాగేది పరుపు మీద పరిచినవి, కాబట్టి “చద్దర్లు” అన్నది చిన్నమ్మ. పిల్లవాడు తండ్రిని పిలిచే పిలుపు దగ్గర రెండు రోజులు ఆగిపోయాం. నేను “నాన్నా” అని రాశాను, ఇప్పుడు మా పిల్లలంతా అలాగే పిలుస్తారు కదా. చిన్నాయన “నాయినా” అనే ఉండాలన్నాడు. సినిమాలో పిల్లవాడికి ఎనిమిదేళ్ళు ఉంటాయేమో, అప్పటికే పెట్రోల్ బంకులో పనిచేస్తుంటాడు. పనికిపోయే పిల్లవాడి నోట్లో నాయినా అన్న మాటకు బరువు వస్తుందని ఆయన వాదన. చదివి చూసుకుంటే ఆయన చెప్పిందే నిజం.

సినిమాలో జోస్యం చెప్పే ఒక ఆమె ఉంటుంది. సైకిల్ పోయినవాడు దిక్కు తోచక ఆమె దగ్గరికి పోతాడు. ఆ భాగానికి చిన్నమ్మ అసలు నన్ను రాయనివ్వలేదు. సోది చెప్పేవాళ్ళ మాట తీరు తనకు తెలుసని తానే చెప్పింది: “దొరికితే ఇయ్యాల్నే దొరుకుతది. లేకుంటే ఇగ దొరకది.” నేను రాసి పెట్టుకున్న మూడు లైన్లు కొట్టేశాను.

చిన్నాయన నాకు నేర్పింది ఇంకోటి ఉంది. తెర మీది మనిషి నోరు తెరవగానే మనం మొదలుపెట్టకూడదు. ముందు వాడి గొంతు ఒక ముక్క వినపడనివ్వాలి, వెనక నుంచి మనం అందుకోవాలి. అప్పుడు ఏడుపు, కోపం వాడివే ఉంటాయి, మాట మాత్రం మనది. మనం కూడా ఏడిస్తే రెండూ చెడతాయి. నేను మొదట్లో ప్రతి డైలాగునూ నటించబోయాను. ఆయన చేత్తో సైగ చేసి తగ్గించేవాడు.

పండక్కి రెండు రోజుల ముందు హైదరాబాద్ నుంచి కాపీ వచ్చింది. దానికి నా పాత సబ్‌టైటిల్ ఫైలు కలిపి చూస్తే కుదరలేదు. మొదట్లో బాగానే ఉంది, పది నిమిషాలకు 24 సెకన్ల తేడా, గంటకు రెండున్నర నిమిషాల దాకా తేడా వచ్చేసింది. ఒక కాపీలో సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలు పోతాయి, ఇంకోదానిలో 25. అదే సినిమా ఒకదానిలో కొంచెం తొందరగా నడుస్తుంది. సబ్‌టైటిల్స్ మీద ఆధారపడి ఉంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది కాదు. నోటితో చెప్తున్నాం కాబట్టి కాగితంలో టైముతో పని లేదు, తెర మీద పెదవులు చూసి అందుకోవడమే. ఫైలు పక్కన పెట్టేశాం.

ఇంకా ఒక పని మిగిలింది, జనాన్ని పిలవడం. మా దగ్గర “ఇంగ్లీషు సినిమా” అంటే ఆడవాళ్ళు చూడరాని సినిమా అన్న అర్థం ఎప్పటి నుంచో ఉంది. మొదట ఒకరిద్దరికి అలా చెప్పి తప్పు చేశాను, తలుపు దగ్గరే మాట మార్చేశారు. తర్వాత నేనూ అమ్మా ఇంటింటికీ తిరిగి “సైకిల్ పోగొట్టుకున్న ఒక కూలి మనిషి కథ, మన మాటల్లోనే చెప్తం” అన్నాం. దేశం పేరు అడిగినవాళ్ళకే చెప్పాం.

పెళ్ళిళ్ళకు వీడియోలు తీసే తమ్ముడి స్నేహితుడు ప్రొజెక్టర్ తెచ్చాడు, 2,000 తీసుకున్నాడు. తెర అద్దెకు తీసుకోలేదు. పండక్కని గోడకు కొత్తగా సున్నం వేశారు, దాని మీద బొమ్మ చక్కగా పడింది. కానీ ఎదురుగా వీధి లైటు. ఆ వరుసంతా ఒకటే స్విచ్, ఆపితే సగం ఊరు చీకటి. పంచాయతీలో పనిచేసే అన్న నిచ్చెన వేసుకుని ఎక్కి లైటుకు గోనె సంచి కట్టాడు. గుడిలోంచి జంపఖానాలు తెచ్చి పరిచాం. చలికి అందరూ గొంగళ్ళు, దుప్పట్లు కప్పుకుని వచ్చారు.

ఆరు ముప్పావుకు మొదలుపెట్టాం. సినిమా ఏ ఏడుదో చెప్పగానే ముందు వరసలోంచి ఒక తాత “గది పోలీస్ యాక్షన్ అయిన ఏడు” అన్నాడు. నిజమే. సెప్టెంబర్‌లో మా దగ్గర నిజాం పాలన పోయింది, నవంబర్‌లో అక్కడ ఈ సినిమా విడుదలైంది. హీరోగా వేసినతను సినిమా నటుడు కాదు, ఫ్యాక్టరీ కార్మికుడు అని చిన్నాయన మైకులో చెప్పాడు. మైకులో ఆయన గొంతు మూడు మూడుసార్లు మోగింది. పెళ్ళిళ్ళలో అలవాటుగా ఎకో పెట్టి ఉంచారు. నా మొదటి రెండు డైలాగులు ఒక్క ముక్క అర్థం కాకుండా పోయాయి, నాకు చేతులు చల్లబడ్డాయి. మీరు చేసేటప్పుడు ముందే ఎకో మొత్తం తీసేయించండి.

సైకిల్ లేకపోతే పని లేదని తెలిసి హీరో ఇంటికి వస్తుంటాడు. దారిలో భార్య నీళ్ళు పట్టుకుని రెండు బకెట్లు మోసుకుంటూ నడుస్తుంటుంది. ఈయన తన గోడు చెప్పుకుంటూ ముందు ముందు పోతుంటాడు. వెనక వరసలోంచి ఒకావిడ గట్టిగా “ఒక్క బకెటన్న అందుకోరాదు?” అంది. కొద్ది దూరం పోయాక ఆయన ఒకటి అందుకున్నాడు. ఆడవాళ్ళందరూ “ఆఁ” అన్నారు. అప్పుడు నాకు టెన్షన్ పోయింది. ఇక ఇది ఇటలీ కాదు.

చద్దర్లు కుదువ పెట్టే చోట ఎవ్వరూ మాట్లాడలేదు. గుమాస్తా ఆ మూట పట్టుకుని నిచ్చెన ఎక్కుతుంటాడు, పైదాకా అలాంటి మూటలే, అరలు అరలుగా. అక్కడ మాకు చదవడానికి మాటలు లేవు. నేను కాగితం దించి అమ్మ వైపు చూశాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ మూటల్నే చూస్తోంది.

చివర్లో ఆ తండ్రి తానే ఇంకొకరి సైకిల్ ఎత్తుకుపోబోయి కొడుకు కళ్ళ ముందే దొరికిపోతాడు. పిల్లవాడి మొహం చూసి సైకిల్ యజమాని వదిలేస్తాడు. ఇద్దరూ జనంలో కలిసి నడుస్తుంటే పిల్లవాడు తండ్రి చెయ్యి పట్టుకుంటాడు. సినిమా అయిపోయింది. పిల్లలు “సైకిల్ దొరకలేదా?” అని అడిగారు. దొరకలేదన్నాను. లైటుకు కట్టిన గోనె సంచి విప్పారు, అయినా జనం లేవలేదు.

మా వెనక వాడకట్టు మేస్త్రీ ఒకాయన పుణెలో పనిచేస్తాడు. కూర్చున్నచోటే ఉండి చెప్పడం మొదలుపెట్టాడు. నిరుడు అక్కడ ఆయన తాపీ, గుండు, రసమట్టం ఉన్న సంచి పోయింది. సొంత సామాను లేనివాణ్ణి ఎవరూ మేస్త్రీగా పెట్టుకోలేదు, కొత్తవి కొనేదాకా ఎనిమిది రోజులు మాల్ కలిపే కూలికి పోయాడు. ఆయన భార్య అటువైపు ఆడవాళ్ళలో కూర్చుని ఉంది. “నాకు చెప్పనే లేదు” అంది. ఆయన “ఏమని చెప్పాలె” అన్నాడు. ఆ తర్వాత ఇంకో నలుగురు తమ తమ సంగతులు చెప్పారు. పదింటికి ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు, మైకు ఎప్పుడో ఆపేశాం.

ఉగాదికి ‘పథేర్ పాంచాలి’ వేయాలనుకుంటున్నాం. 1955 సినిమా, దాని హక్కు కూడా తీరిపోయింది. పిల్లవాడు అక్కను “దిదీ” అని పిలుస్తాడు, మాకు “అక్కా” తేలిగ్గానే కుదిరింది. అందులో ఇందిర్ అనే పండు ముసలామె ఉంది. ఆ పాత్రకు నా గొంతు సరిపోదు. ఎదురింటి అవ్వ చెప్తానంది, నాలుగు వారాల నా రాతలో ఒక్క అక్షరం చదవలేకపోయిన ఆ అవ్వే. నేను ఒక్కో డైలాగు చదివితే విని పట్టేస్తోంది, రెండోసారి అడగడం లేదు.

మొన్న రాత్రి ఆ ముసలామె పాడుకునే పాట దగ్గరికి వచ్చాం. పొద్దు పోయింది, సాయంత్రమైంది, నన్ను ఆవలి ఒడ్డుకు చేర్చు అని దేవుణ్ణి అడుగుతోందని చెప్పాను. తెలుగులో పాడిద్దామా, అర్థం చదివేద్దామా అని నేనూ చిన్నాయనా మాట్లాడుకుంటున్నాం. అవ్వ ఇంకోసారి పెట్టమంది. విన్నది. మళ్ళీ పెట్టమంది.

“పాటకు ముందల ఒక్కసారి చెప్పు, సాలు. ఆమె పాడేటప్పుడు మైకు బంద్ పెట్టుండ్రి” అంది.