డొరొతీ కాపురమున్న ఇల్లు

ఇంగ్లీషు కవి వర్డ్స్‌వర్త్ ఒకప్పుడు కాపురమున్న ఇల్లు డవ్ కాటేజ్‌లో నన్ను కదలనివ్వకుండా నిలబెట్టింది ఆయన వాడిన వస్తువులేవీ కాదు, మేడ మీదున్న ఒక చిన్న గది. చలికి తట్టుకోవడానికి ఆయన చెల్లెలు డొరొతీ ఆ గది గోడలకు వార్తాపత్రికలు అంటించింది. ఇప్పటికీ ఆ గదిని అలాగే చూపిస్తారు.

ఇంగ్లండ్ లేక్ డిస్ట్రిక్ట్‌లో గ్రాస్మియర్ ఊరి చివర ఉంటుంది ఈ సున్నం వేసిన ఇల్లు. అంతకుముందు ఇది బాటసారుల సత్రం. అన్నాచెల్లెళ్ళు 1799 డిసెంబర్‌లో, మంచి చలిలో, ఇందులో దిగారు. కింది గదుల్లో రాతి పలకల నేల, గోడలకు ఓక్ చెక్క, పట్టపగలే మసక చీకటి. సామాను గది నేల కింద నుంచి వాగు నీళ్ళు పారేవట, పాలూ వెన్నా చల్లగా ఉండటానికి. ఆ ఏర్పాటు నాకు భలే నచ్చింది.

1802లో మేరీతో వర్డ్స్‌వర్త్ పెళ్ళయింది. 1806 కల్లా ముగ్గురు పిల్లలు. పైగా వచ్చేపోయే స్నేహితులు. తోటి కవి కోల్రిడ్జ్ అయితే కెజిక్ ఊరి నుంచి 20 కిలోమీటర్ల పైచిలుకు నడిచి వచ్చేవాడు. అంతమంది ఈ గదుల్లో ఎలా సర్దుకున్నారా అనిపించింది. వర్డ్స్‌వర్త్ మాత్రం బయట నడుస్తూ, పైకి చదువుకుంటూ కవిత్వం కట్టేవాడు. దాన్ని శుభ్రంగా రాసిపెట్టే పని ఎక్కువగా డొరొతీ, మేరీలది.

1802 ఏప్రిల్ 15న అన్నాచెల్లెళ్ళిద్దరూ అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున డాఫడిల్ పూలు చూశారు. కొన్ని పూలు అలసిపోయి రాళ్ళ మీద తల వాల్చుకున్నట్టున్నాయనీ, మిగతావి గాలికి ఊగుతూ నాట్యం చేస్తున్నాయనీ డొరొతీ డైరీలో రాసుకుంది. ఆ పూల మీద అన్నగారి ‘డాఫడిల్స్’ పద్యం ఆ తర్వాత రెండేళ్ళకు పుట్టింది. అందులో ఆయన ఒంటరిగా తిరుగుతుంటాడు, పక్కన చెల్లెలు ఉండదు. అందులో అన్నిటికన్నా మంచి రెండు పాదాలు మేరీవని ఆయనే చెప్పాడు. నాకు ఆ పద్యం అంటే ప్రాణం. కానీ డిగ్రీలో పాఠం చెప్పినప్పుడు ఈ ఇద్దరాడవాళ్ళ ఊసే రాలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

1808లో ఇల్లు చాలక వేరే ఇంటికి మారారు. 1891 నుంచి దీన్ని జనం చూడటానికి తెరిచారు. డొరొతీ రాసుకున్న నోటు పుస్తకాలు కూడా అక్కడి మ్యూజియం సేకరణలోనే భద్రంగా ఉన్నాయి.

మీరు వెళ్ళేటట్టయితే 1800 నుంచి 1803 దాకా ఆమె రాసిన డైరీ చదివి వెళ్ళండి. రొట్టెలు కాల్చడం, బట్టలు ఇస్త్రీ చేయడం, బఠాణీలు నాటడం, తలనొప్పితో పడుకోవడం, చందమామను చూడటం అన్నీ ఒకే పేజీల్లో కలిసి ఉంటాయి. అప్పుడు ఇంటి వెనక ఆ నిటారు తోట ఎక్కుతుంటే, దాన్ని సాగు చేయడానికి ఆమె ఎంత కష్టపడి ఉంటుందో మోకాళ్ళకే తెలుస్తుంది.