95కూ 5కూ మధ్య: జపాన్, స్వీడన్

రెండు దేశాల సంస్కృతులను పోల్చి చూడాలనుకునేవారు ఎక్కువగా ఆశ్రయించేది నెదర్లాండ్స్‌కు చెందిన సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త గీర్ట్ హాఫ్‌స్టెడ్ రూపొందించిన కొలమానాలనే. కంప్యూటర్ల సంస్థ ఐబీఎం 1967 నుంచి 1973 వరకు అనేక దేశాల్లోని తన ఉద్యోగులతో నింపించిన లక్షకు పైగా ప్రశ్నావళులను ఆయన విశ్లేషించి, అధికార దూరం (అధికారంలోని హెచ్చుతగ్గులను కింది స్థాయివారు ఎంతగా అంగీకరిస్తారన్నది), వ్యక్తివాదం (బృందం కంటే వ్యక్తికి ఎంత ప్రాధాన్యమిస్తారన్నది), పురుషత్వం, అనిశ్చితి పట్ల విముఖత అనే నాలుగు కొలమానాలను 1980లో ప్రకటించారు. దీర్ఘకాలిక దృష్టి, కోరికలు తీర్చుకోవడానికి సమాజం ఇచ్చే స్వేచ్ఛ అనే రెండూ తర్వాత చేరాయి. ఈ పట్టికలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసిన జంట జపాన్, స్వీడన్. పురుషత్వం అనే వరుసలో జపాన్‌కు 95 వస్తే స్వీడన్‌కు 5 వచ్చింది. రెండూ సంపన్న దేశాలే, రెండూ పారిశ్రామిక నైపుణ్యానికి పేరుపడ్డవే, అయినా ఇంత ఎడం.

అధికార దూరంలో జపాన్‌కు 54, స్వీడన్‌కు 31. పై అధికారుల పట్ల ఎంతో వినయం చూపే జపాన్‌కు మధ్యస్థమైన అంకె రావడం మొదట వింతగా తోచవచ్చు గానీ, అక్కడి పాత పెద్ద కంపెనీల్లో ఒక ప్రతిపాదన కింది స్థాయి ఉద్యోగి చేతిలో పుట్టి, ఒక్కొక్కరి ముద్ర వేయించుకుంటూ పైదాకా వెళ్లే పద్ధతిని గమనిస్తే అందులో వింతేమీ లేదు. వ్యక్తివాదంలో స్వీడన్ 71, జపాన్ 46.

అనిశ్చితి పట్ల విముఖత విషయంలో మాత్రం కాస్త ఆగి చూడాలి. ఇక్కడ జపాన్‌కు 92, స్వీడన్‌కు 29. 2017 నవంబరు 14న టోక్యో సమీపంలోని మినామి-నగరెయామా స్టేషనులో 9 గంటల 44 నిమిషాల 40 సెకన్లకు కదలవలసిన సుకుబా ఎక్స్‌ప్రెస్ రైలు 20 సెకన్లు ముందుగా కదిలింది. ఆ రైలు మార్గాన్ని నడిపే సంస్థ అందుకు బహిరంగంగా క్షమాపణ చెప్పింది. స్వీడన్ సంగతి చూస్తే, 1955లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో దాదాపు 83 శాతం మంది వద్దన్నప్పటికీ, 1967 సెప్టెంబరు 3 తెల్లవారుజామున దేశమంతటా వాహనాలను రోడ్డుకు ఎడమ వైపు నుంచి కుడి వైపుకు మార్చారు. ఈ రెండు సంఘటనలూ ఆ అంకెలకు చక్కగా అతికినట్టే కనిపిస్తాయి. అయితే ఆ మార్పుకు స్వీడన్ కొన్నేళ్లపాటు పకడ్బందీగా సిద్ధమైంది. యుద్ధమో విపత్తో వస్తే ఏం చేయాలో వివరించే పుస్తికను 2018లో దేశంలోని ఇళ్లన్నిటికీ పంపింది కూడా ఆ దేశమే. తక్కువ అంకె వచ్చినంత మాత్రాన ముందుజాగ్రత్త లేదని అర్థం కాదు. తెలియని దానిపట్ల కలిగే ఆందోళనను నియమాలతో, కట్టుబాట్లతో ఎంతగా అణచుకుంటారన్నదే ఈ కొలమానం చెప్పేది.

ఇక 95, 5 అంకెల విషయం. పోటీకీ, విజయానికీ పెద్దపీట వేసే సమాజానికి ఈ వరుసలో ఎక్కువ అంకె వస్తుంది. ఒకరి బాగోగులు ఒకరు చూసుకోవడానికీ, జీవితం సాఫీగా సాగడానికీ ప్రాధాన్యమిచ్చే సమాజానికి తక్కువ అంకె వస్తుంది. స్త్రీలు చేయవలసినవి ఇవీ, పురుషులు చేయవలసినవి ఇవీ అనే గీత ఎంత స్పష్టంగా ఉందన్నది కూడా ఇందులో భాగమే. స్వీడన్‌కు వచ్చిన 5ను వివరించేటప్పుడు చాలామంది అక్కడి తల్లిదండ్రుల సెలవును ఉదాహరణగా చూపుతారు. బిడ్డకు 480 రోజుల సెలవు ఉంటుంది, తండ్రులు కూడా ఇంటిపట్టున ఉండి పిల్లలను సాకుతారు, కాబట్టి అది మృదువైన సంస్కృతి అన్నది వారి తర్కం.

ఈ తర్కం తేదీల ముందు నిలవదు. ఐబీఎం సర్వే 1973తో ముగిసింది. తల్లికి మాత్రమే ఉన్న సెలవును తల్లిదండ్రులిద్దరికీ వర్తింపజేసిన చట్టాన్ని స్వీడన్ 1974లో, ప్రపంచంలో మొట్టమొదటగా, తెచ్చింది. ఆ ఏడాది వాడుకున్న సెలవు రోజుల్లో తండ్రుల వాటా అర శాతం మాత్రమే! పట్టికలో అత్యంత తక్కువ పురుషత్వం నమోదైన దేశంలో తండ్రులు దాదాపు ఎవరూ ఇంట్లో లేరన్నమాట. ఇప్పుడు ఆ వాటా సుమారు 30 శాతం. మధ్యలో జరిగింది ఏమిటంటే, తండ్రి వాడుకోకపోతే పోయే నెలను 1995లో ఒకటి, 2002లో రెండోది, 2016లో మూడోది కేటాయించారు. 5 అనే అంకె అలాంటి చట్టాలకు అనుకూలమైన నేలను చూపిందేమో గానీ, తండ్రులను ఇంటికి రప్పించింది మాత్రం ఆ చట్టాలే.

జపాన్ కథ మరింత ఆలోచించదగినది. తండ్రులకు చట్టప్రకారం దక్కే జీతంతో కూడిన సెలవులో సంపన్న దేశాలన్నిటికంటే జపానే ముందుందని యూనిసెఫ్ 2019లో నివేదించింది. పూర్తి జీతం లెక్కన చూస్తే అది ఆరు నెలలకు పైగా ఉంటుంది. అయినా 2017లో దాన్ని వాడుకున్నది ఇంచుమించు ఇరవై మందిలో ఒక్కరే. 2020 జనవరిలో పర్యావరణ మంత్రి షింజిరో కొయిజుమి రెండు వారాల సెలవు తీసుకుంటానంటే అది ప్రపంచమంతటా వార్త అయింది. ఇక్కడ 95 ఒక్కటే చాలదు, దాని పక్కన వ్యక్తివాదపు 46ను కూడా పెట్టి చూడాలి. అక్కడ పోటీ ప్రధానంగా బృందాల మధ్య ఉంటుంది. ఒకరు సెలవు పెడితే ఆ భారం తోటివారి మీద పడుతుంది, ఆ సంకోచమే హక్కును కాగితానికి పరిమితం చేస్తుందని నేననుకుంటున్నాను.

దేశాల సగటుతో ఒక మనిషిని అంచనా కట్టరాదని హాఫ్‌స్టెడ్ స్వయంగా హెచ్చరించారు. ఒకే సంస్థ ఉద్యోగుల జవాబులతో మొత్తం జాతి స్వభావాన్ని తేల్చడం చెల్లదని పరిశోధకుడు బ్రెండన్ మెక్‌స్వీనీ 2002లో గట్టిగా వాదించారు. ఆ విమర్శ నాకు న్యాయంగానే తోస్తుంది, అయినా ఈ పట్టికను పారవేయాలని అనుకోను. స్వీడన్‌లో పనిచేసిన ఉపాయం జపాన్‌లో ఎందుకు అదే రూపంలో పనిచేయదో వెతకడానికి అది దారి చూపుతుంది. 2022లో జపాన్ కొత్త హక్కు కల్పించడంతో సరిపెట్టక, సెలవు కావాలా అని ఉద్యోగిని అడగవలసిన బాధ్యతను యజమాని మీదే పెట్టింది; మరుసటి ఏడాది నుంచి వెయ్యి మందికి పైగా ఉద్యోగులున్న కంపెనీలు ఎందరు తండ్రులు సెలవు తీసుకున్నారో బయటపెట్టాలని ఆదేశించింది. సంకోచించే ఉద్యోగి నోరు విప్పేదాకా ఆగకుండా, బృందం వైపు నుంచే పిలుపు వచ్చేలా చేసిన ఏర్పాటు ఇది. సెలవు తీసుకున్న తండ్రులు 2022లో 17.13 శాతం, 2023లో 30.1 శాతం. వారిలో చాలామంది సెలవు కొద్ది వారాలకే పరిమితమైంది కనుక, ఇకపై చూడవలసింది ఎందరు తీసుకున్నారన్నది కాదు, ఎన్నాళ్లు తీసుకున్నారన్నది.