పింఛను రాకపోయినా బ్లూ బ్యాడ్జ్ వస్తుంది

మా బాబుకి ఏడేళ్లు. ఆటిజం. పరిగెత్తగలడు, చెట్లెక్కగలడు. కారు దిగాక షాపు గుమ్మం దాకా నడిపించడమే కష్టం. లారీ వెనక్కి వస్తూ బీప్ బీప్ మంటే రెండు చెవులూ మూసుకుంటాడు. అందుకు నా చెయ్యి విడిపించుకుంటాడు. ఆ మరుక్షణం పరుగు, ఎటు దారి ఉంటే అటు. ఒకసారి ఒక కారు వాడి మోకాలికి జానెడు దూరంలో ఆగింది. బ్రేకు వేసినావిడ స్టీరింగ్ మీద తల ఆనించి ఏడ్చేసింది.

ఇంగ్లండ్‌లో ఇలాంటి పిల్లలకి బ్లూ బ్యాడ్జ్, అంటే వైకల్యం ఉన్నవాళ్ల కారు వెళ్లాల్సిన చోటికి దగ్గర్లో ఆపుకోనిచ్చే కార్డు, ఇస్తారని వాడి స్కూల్లో ఒక తల్లి చెప్పింది. "మనకి డీఎల్ఏ రాదు కదా, బ్యాడ్జ్ ఎలా ఇస్తారు?" అన్నారు మా ఆయన. మాది స్కిల్డ్ వర్కర్ వీసా. ప్రభుత్వ భత్యాలు తీసుకోకూడదని షరతు, పిల్లల వైకల్య భత్యం డీఎల్ఏ కూడా అందులోదే. పైగా మా ఇద్దరికీ తెలిసింది మన ఊళ్ల సదరం సర్టిఫికెట్ లెక్క. 40 శాతం వైకల్యం అని రాస్తే పింఛను, లేకపోతే లేదు.

కానీ ఇక్కడ ఆ రెండూ వేరు. భత్యం తగిన స్థాయిలో వస్తుంటే బ్యాడ్జ్ నేరుగా ఇస్తారు. రాకపోతే స్థానిక కౌన్సిల్ విడిగా పరిశీలిస్తుంది. 2019 ఆగస్టు 30 నుంచి ఇంగ్లండ్‌లో కంటికి కనిపించని వైకల్యాలకీ ఇస్తున్నారు. నడిచేటప్పుడు మనిషి మానసికంగా విపరీతంగా తల్లడిల్లిపోయినా, తనకో పక్కవాళ్లకో తీవ్రమైన ప్రమాదం ఉన్నా అడగొచ్చు. ఆటిజం అని డాక్టరు రాసిచ్చిన కాగితం ఒక్కటే చాలదు. నడకలో ఏం జరుగుతుందో చూపించాలి. వీసా షరతు చెప్పే భత్యాల జాబితాలో ఈ బ్యాడ్జ్ లేదు. ఫీజు 10 పౌండ్లు మించదు.

మొదటిసారి మాకు రాలేదు. తప్పు నాదే. "అప్పుడప్పుడు పరిగెడతాడు, చెయ్యి పట్టుకుంటే పర్వాలేదు" అని రాశాను. ఎవరడిగినా "బాగానే ఉన్నాడండీ" అనడం నాకు అలవాటైపోయింది. బంధువుల్లో మాట పడకూడదని ఏళ్ల తరబడి అదే మాట. ఫారం ముందు కూర్చున్నా చెయ్యి అదే రాసింది.

రెండోసారి మా పాప పక్కన కూర్చుంది. దానికి పదకొండేళ్లు, ఇక్కడే పుట్టింది. చదివి, "అమ్మా, ఇది నిజం కాదు. నేనెప్పుడూ రోడ్డు వైపే నడుస్తాను, వాడు అటు దూకకుండా. అది రాశావా?" అంది. నేను ఏనాడూ గమనించలేదు. ఆ రాత్రి ఇద్దరం కలిసి ఒక్కో సంఘటనా రాశాం: ఏ రోజు, ఎక్కడ, ఏ చప్పుడుకి, ఎవరు పట్టుకున్నారు, తేరుకోవడానికి ఎంతసేపు పట్టింది. ఆక్యుపేషనల్ థెరపిస్ట్ ఉత్తరం, స్కూలు ఉత్తరం జత చేశాం. దాదాపు మూడు నెలలు ఎదురుచూశాం. మీరు దరఖాస్తు పెడితే మంచి రోజుల గురించి కాదు, చెడ్డ రోజుల గురించి రాయండి.

బ్యాడ్జ్ వచ్చిన ఆదివారం తెనాలి నుంచి మా అత్తగారి వీడియో కాల్. నేను ఆపేలోపే పాప దాన్ని కెమెరాకి చూపించేసింది. "నానమ్మా, తమ్ముడిది! ఇంక గుమ్మం దగ్గరే కారు ఆపొచ్చు."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. నాకు గుండె దడ.

"ఇటువైపు చక్రాల కుర్చీ బొమ్మ ఉందేంటే? వాడి ఫొటో లేదా? తిప్పు, చూడనీ."