చేత చీపురు పట్టిన తల్లి

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆటలమ్మ పోసింది. ఒళ్లంతా నీటి పొక్కులు, జ్వరం, ప్రాణం తీసే దురద. ఇంట్లో ఒక్కరి నోటి వెంట కూడా జబ్బు అనే మాట రాలేదు. నానమ్మ నా చొక్కా ఎత్తి చూసి, ఒక్క క్షణం ఆగి, రెండు చేతులూ జోడించి కళ్లకద్దుకుంది. "అమ్మ పోసింది, ఎవరూ గట్టిగా అరవకండి" అంది. అంతే, ఆ గంట నుంచి ఇల్లు ఇల్లంతా మారిపోయింది.

గుమ్మానికి వేపకొమ్మ కట్టారు. వంటింట్లో తాలింపు ఆగిపోయింది. నాన్న గడ్డం గీసుకోలేదు, చుట్టాలు వచ్చినా వేపకొమ్మ చూసి వీధి అరుగు మీద నుంచే పలకరించి వెళ్లిపోయారు. నాకు విడిగా ఒక చాప, దాని మీద ఉతికిన తెల్ల పంచె, పక్కన వేప రెమ్మలు. దురద పుట్టినప్పుడు గోళ్లు తగలనిచ్చేది కాదు నానమ్మ, లేత వేప రెమ్మ తీసుకుని పొక్కుల మీద గాలి వీచినట్టు నిమురుతూ "తల్లీ చల్లంగ చూడు, చల్లంగ చూడు" అని అంటూనే ఉండేది, రాత్రి నాకు మెలకువ వచ్చిన ప్రతిసారీ ఆ చెయ్యి అలా ఆడుతూనే ఉండేది, అసలు ఆవిడ ఎప్పుడు నిద్రపోయిందో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఇవన్నీ మూఢనమ్మకాలని కాలేజీ రోజుల్లో నేనూ వాదించాను. ఆ తర్వాత చాలా ఏళ్లకు శీతలాష్టకంలో ఈ శ్లోకం కంటపడింది, స్కాంద పురాణంలోదని చెబుతారు.

వందేఽహం శీతలాం దేవీం రాసభస్థాం దిగంబరీమ్ |
మార్జనీకలశోపేతాం శూర్పాలంకృతమస్తకామ్ ||

గాడిద మీద కూర్చున్న, దిక్కులే వస్త్రాలుగా గల శీతలా దేవికి నమస్కారం, ఆమె చేతుల్లో చీపురు, నీళ్ల కలశం, తల మీద అలంకారంగా చేట. ఇదీ అర్థం. ఒక్కసారి కళ్లు మూసుకుని ఆ రూపాన్ని ఊహించుకోండి. శూలం లేదు, ఖడ్గం లేదు, కిరీటం ఉండాల్సిన చోట చేట ఉంది. ఉత్తరాదిన మశూచికీ దద్దుర్ల జ్వరాలకూ అధిదేవతగా కొలిచే తల్లి ఈమె, పట్టుకున్నవి మాత్రం తెల్లవారి లేచి ప్రతి ఇల్లాలూ పట్టుకునే వస్తువులు. ఊడవడానికి చీపురు, కడగడానికి నీళ్లు, చెత్తా తాలూ చెరిగి పారేయడానికి చేట. రోగి ఉన్న ఇంట్లో ముందుగా కావలసినవి అవే కదా! ఈ శ్లోకం చదివాకే నానమ్మ ఆ పది రోజులూ గదిని పూటకోసారి ఎందుకు ఊడ్చేదో, నా పంచెను విడిగా ఎందుకు ఉడకబెట్టేదో నాకు అర్థమైంది. ఆవిడ దృష్టిలో అదంతా పూజే.

మన పెద్దలకు వైరస్ సంగతి ముందే తెలుసు అని నేను అనను, అలా అనడం వాళ్లకు గౌరవమని కూడా అనుకోను. వాళ్లకు తెలిసింది కళ్లతో చూసింది. ఒకరికి పోస్తే పక్కవారికి పోస్తుందని చూశారు, ఒకసారి పోసినవాళ్లకు మళ్లీ రావడం అరుదని చూశారు, అందుకే చిన్నప్పుడే పోసి తగ్గినవాళ్లను రోగి దగ్గర ఉంచేవారు. పొక్కులన్నీ మాడి పెచ్చు కట్టేదాకా ఆటలమ్మ అంటుకుంటుందని ఈ రోజు డాక్టర్లు చెబుతారు, మనవాళ్లు పెచ్చులు రాలి తలకు నీళ్లు పోసేదాకా వేపకొమ్మ తీసేవారు కాదు. అయితే పొక్కు కనబడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అది అంటుకుంటుంది, ఆ సంగతి వేపకొమ్మకు అందేది కాదు.

శీతల అంటే చల్లనిది. మన తెలుగులో దీవెన కూడా అదే కదా, "చల్లగా ఉండు నాయనా" అంటాం, మేలు చేసినవాళ్లను "నీ కడుపు చల్లగుండ" అంటాం. ఎండకు మాడే నేల మీద బతికిన మనుషులకు ఆరోగ్యం, శాంతి, దేవుడి దయ మూడూ కలిపి ఒక్క చల్లదనంగానే తోచాయేమో. ఆషాఢంలో బోనాల దగ్గరికి వెళ్లి చూడండి, అంతా చల్లబరచడమే. బోనం ఎత్తుకుని నడిచే ఆడవాళ్ల పాదాల మీద బిందెలతో నీళ్లు పోస్తారు. కుండకు పసుపు పూసి, వేపాకులు కట్టి, పైన దీపం పెడతారు. గుడి ముందు వేపాకు వేసిన పసుపు నీళ్లతో సాక పోస్తారు, అంటే ఆ నీళ్లను అమ్మకు అర్పణగా ధార పోస్తారు. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి కథలోనూ ఉన్నది రోగ భయమే. 1813లో జంట నగరాల్లో మహమ్మారి చెలరేగినప్పుడు, ఉజ్జయినిలో ఉన్న సైనిక దళంలోని సురిటి అప్పయ్య, మా ఊరు బాగుపడితే నీ విగ్రహం ప్రతిష్ఠిస్తానని అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడని, 1815లో తిరిగొచ్చి ఆ మొక్కు తీర్చుకున్నాడని చెబుతారు. తొలకరి పడి, వాగుల్లో కొత్త నీరు కలిసి, వాంతులూ విరేచనాలూ మొదలయ్యే నెల ఆషాఢం. సరిగ్గా ఆ నెలలోనే ఇల్లూ వాకిలీ కడిగి, వేపా పసుపూ చేతపట్టి ఊరంతా అమ్మ ముందు నిలబడుతుంది.

ఇప్పుడు మనసుకు కష్టంగా ఉన్నా ఒక మాట చెప్పాలి. మా బంధువుల్లో ఒకావిడకు ఏడో నెలలో ఆటలమ్మ పోసింది. మందు వేస్తే అమ్మకు కోపం వస్తుందని నాలుగు రోజులు ఇంట్లోనే ఉంచారు. ఐదో రోజు ఆయాసం మొదలై, మాట కూడా రాని స్థితిలో తీసుకెళ్తే ఊపిరితిత్తులకు పాకిందన్నారు. తల్లీబిడ్డా దక్కారు, కానీ ఆ వారం రోజులు మేం పడ్డ టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు. గర్భిణులకు, పెద్ద వయసులో మొదటిసారి పోసినవాళ్లకు, నెలల పిల్లలకు ఇది చిన్న విషయం కాదు, మొదటి రోజే డాక్టర్‌కు చూపించాలి. పిల్లలకు జ్వరానికని ఆస్పిరిన్ అస్సలు ఇవ్వకూడదు. తట్టు పోసిన పిల్లలకు పథ్యం పేరుతో తిండి తగ్గించడం ఇంకా ప్రమాదం, వాళ్లకు బలమైన తిండీ, డాక్టర్ ఇచ్చే విటమిన్ ఏ కూడా కావాలి.

మందు వేస్తే అమ్మకు కోపమని ఎవరు చెప్పారు? బెంగాల్‌లో వెనకటికి టీకాదారులు ఉండేవారు. మశూచి పొక్కు రసిని ఆరోగ్యంగా ఉన్నవాళ్ల చర్మం మీద గీరి ఎక్కించేవారు, అలా తేలికగా వచ్చి పోతే పెద్ద గండం తప్పుతుందని. హాల్వెల్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1767లో దీని గురించి రాస్తూ, పని జరుగుతున్నంతసేపూ వాళ్లు పూజా మంత్రాలు చదువుతూనే ఉండేవారన్నాడు. చేతిలో సూది, నోట్లో స్తోత్రం, రెంటికీ తగవు లేదు. ఆ తర్వాత వచ్చిన టీకాలతో 1975 తర్వాత మన దేశంలో మశూచి మళ్లీ కనబడలేదు, 1980లో ప్రపంచంలోనే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. పెద్దమ్మవారని చేతులెత్తి మొక్కి, మా ఇంటికి రాకమ్మా అని తరతరాలు వేడుకున్న మొర అలా తీరింది. నా మట్టుకు నేను ఆ టీకాను కూడా ఆ తల్లి కలశంలోని నీళ్లుగానే చూస్తాను.

రెండేళ్ల కిందట మా అబ్బాయికి పోసింది. పొద్దున్నే డాక్టర్ దగ్గరికి వెళ్లాం, మందులు రాశారు, గోళ్లు కత్తిరించమన్నారు, పెచ్చులు కట్టేదాకా బడికి పంపొద్దన్నారు. వచ్చేటప్పుడు దారిలో వేపకొమ్మ విరిచి తెచ్చాను. పప్పూ కూరా అన్నీ పెట్టాను, తాలింపు మాత్రం వేయలేదు. ఎందుకంటే చెప్పలేను, నూనె చిటపటలు వినపడని ఆ నిశ్శబ్దం నాకు కావాలనిపించింది. రాత్రి వాడు దురద అని లేచినప్పుడు రెమ్మ తీసుకుని నిమురుతుంటే నా నోట్లోంచి నానమ్మ మాటే వచ్చింది, చల్లంగ చూడు తల్లీ అని.

ఈసారి ఆషాఢంలో మేం సాక పోస్తుంటే వాడు చెంబులోకి తొంగి చూసి, "అమ్మా, నాకు తగ్గాక స్నానం చేయించిన నీళ్లు ఇవే కదా" అన్నాడు. అవే నాన్నా, అన్నాను. చెంబు వాడి చేతికిచ్చాను.