మోచేతి మడతలోనే అసలు పనితనం

లీడ్స్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్లిన రెండో వారం, వాన కాస్త తెరిపి ఇచ్చిన రోజున, మనవరాలి చెయ్యి పట్టుకుని ఏర్ నది ఒడ్డునే నడుచుకుంటూ రాయల్ ఆర్మరీస్ మ్యూజియానికి వెళ్లాను. టికెట్ కొనక్కర్లేదు. లండన్ టవర్‌లో ఉండే ఇంగ్లండ్ రాజుల ఆయుధాల్లో, కవచాల్లో చాలా భాగాన్ని, 1996లో తెరిచిన ఈ భవనానికి తెచ్చి పెట్టారు. ముప్పై ఏళ్లు ఫిట్టర్‌గా రేకులతో, రివెట్లతో బతికినవాణ్ని నేను. గంటలో చూసేసి వద్దామనుకుంటే సాయంత్రం అయిపోయింది.

ఒక బల్ల దగ్గర గొలుసు కవచం నమూనా ముక్కను చేతికిచ్చారు. కళ్లజోడు పెట్టుకుని చూశాను. ఒక్కో రింగు చుట్టుపక్కల నాలుగు రింగుల్లో దూరి ఉంది. తీగ కొసల్ని చదునుగా కొట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి, బెజ్జం వేసి, ఆవగింజంత రివెట్ బిగించారు. నిలువు చొక్కాకి ఇలాంటివి వేలకు వేలు కావాలి, బరువు పది కిలోలు దాటుతుంది. 11, 12 శతాబ్దాల్లో నైట్, అంటే యూరప్‌లో గుర్రమెక్కి పోరాడే యోధుడి ఒంటి మీద ఉన్నది ప్రధానంగా ఇదే. కత్తి వేటును ఆపుతుంది గానీ గుడ్డలా మెత్తగా లొంగిపోతుంది కాబట్టి గద దెబ్బకు లోపల ఎముక విరుగుతుంది. అందుకే దాని కింద దూది దట్టించి కుట్టిన మందపాటి చొక్కా వేసుకునేవారు.

విల్లులూ, మీట నొక్కి బాణం వదిలే క్రాస్‌బోలూ బలం పుంజుకున్నాక రింగులు సరిపోలేదు. 13వ శతాబ్దంలో గొలుసు మీద అక్కడక్కడా రేకులు మొదలయ్యాయి. మోకాలి చిప్పకు కప్పు వాటిలో ముందు వచ్చినవాటిలో ఒకటి. గుర్రం మీద కూర్చున్నవాడి మోకాలే కదా కింద నిలబడ్డవాడి కత్తికి సులువుగా అందేది, అందుకేనని నాకు తోచింది. తర్వాత గట్టి గుడ్డకు లోపలివైపు రేకులు రివెట్ చేసిన కోట్లు వచ్చాయి. స్వీడన్ దగ్గరి గోట్లాండ్ దీవిలో, విస్‌బీ ఊరి బయట 1361లో జరిగిన యుద్ధంలో చచ్చిపోయినవాళ్లను కవచాలతోనే సామూహికంగా పూడ్చేశారు. ఆ గోతులు తవ్వాకే అలాంటి కోట్లు ఎలా చేసేవారో వివరంగా తెలిసింది. అక్కడి ఎముకల్లో చాలావాటికి కాళ్ల మీదే కత్తి గాట్లు.

1400 ప్రాంతపు కుక్కమూతి శిరస్త్రాణం ముందు మనవరాలు నా వెనక దాక్కుంది. ముక్కు దగ్గర అలా కొనదేలి ఎందుకుందో చెప్పాను: ఎదురుగా వచ్చిన మొన నేరుగా దిగకుండా పక్కకు జారిపోవడానికి. 15వ శతాబ్దం మొదట్లో తల నుంచి పాదం దాకా ఉక్కు రేకులే వచ్చేశాక ఈ జార్చే విద్యే కవచానికి ప్రాణమైంది. ఇటలీలోని మిలన్ పనివాళ్లు నున్నగా, గుండ్రంగా చేశారు. జర్మన్ పనివాళ్లు రేకుకు మడతలు తీశారు. మన ఇళ్ల పైకప్పు ముడతల రేకు ఉందే, అదే కిటుకు. బరువు పెరగదు, రేకు వంగదు.

"తాతయ్యా, దీనికి జిప్ ఎక్కడుంది?" అంది పిల్ల.

మంచి ప్రశ్న. తొడిగించడం పాదాల నుంచి మొదలవుతుంది, చివర శిరస్త్రాణం. లోపలి చొక్కాకు కుట్టిన తాళ్లతో, తోలు పట్టీలతో ఒక్కో భాగాన్ని ఒంటికి బిగిస్తారు. సాయానికి మనిషి ఉండాలి. యుద్ధానికి వేసుకునే పూర్తి కవచం 20 నుంచి 25 కిలోలు. గొలుసు చొక్కాలా భుజాల మీదే వేలాడదు, ఒళ్లంతా పంచుకుంటుంది. నైట్లను క్రేన్‌తో గుర్రమెక్కించేవారన్నది కట్టుకథ. అలవాటున్నవాడు కవచంతోనే పరిగెత్తగలడు, పడితే లేవగలడు.

ఇంతకీ నన్ను కట్టిపడేసింది ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ కవచం. 1520లో ఫ్రాన్స్ రాజుతో కలిసి చేసుకునే పోటీల ఉత్సవంలో, నేల మీద నిలబడి పోరాడేందుకు లండన్ దగ్గరి గ్రీనిచ్‌లో రాజుగారి సొంత కార్ఖానాలో చేశారు. అక్కడి పెద్ద మేస్త్రి మార్టిన్ వాన్ రోయిన్. మామూలు కవచాల్లో చంక, మోచేతి లోపలి మడత, మోకాలి వెనక, పిరుదులు ఖాళీగా ఉంటాయి. వాటికి గొలుసే దిక్కు. దీంట్లో ఆ ఖాళీలు కూడా లేవు. 235 ముక్కలు, 40 కిలోల పైచిలుకు బరువు. రొయ్య తోక చూడండి, ఒక పెంకు కింద ఇంకో పెంకు దూరుతూ ఎలా ముడుచుకుంటుందో. మోచేతి లోపల సన్నటి పట్టీలు అచ్చం అలాగే ఉన్నాయి. ఇలాంటి పనిలో లోపల తోలు పట్టీ ఉంటుంది, కొన్నిచోట్ల గుండ్రటి బెజ్జం బదులు పొడుగాటి గాడి పెట్టి, రివెట్ అందులో అటూ ఇటూ జారేలా చేస్తారు. ఆ గాడి వెంట్రుకంత పొట్టిదైనా చెయ్యి మడవదు, పొడుగైతే సందు తెరుచుకుంటుంది. కొలిమి, సుత్తి, ఆకురాయి, కంటి చూపు. వాళ్లకున్నవి అవే.

తీరా ఉత్సవానికి కొద్ది నెలల ముందు ఫ్రెంచివాళ్లు పోటీ నిబంధనలు మార్చారు. నడుము కింద లంగాలా విచ్చుకునే కవచమే వేసుకోవాలన్నారు. గ్రీనిచ్ పనివాళ్లు పాత ముక్కలూ కొత్త ముక్కలూ కలిపి హడావిడిగా ఇంకోటి తయారుచేశారు. ముందు చేసిన ఈ 235 ముక్కల కవచం మెరుగు పెట్టకుండానే ఆగిపోయింది. అందుకే నా బోటివాడికి ఇది ఇంకా ఇష్టం. పాలిష్ కింద పోవలసిన గరుకుదనం పోలేదు, పనివాడి చెయ్యి కనిపిస్తుంది.

తుపాకులు వచ్చాక కథ మారింది. గుండుకు ఆగాలంటే రొమ్ము రేకు మందం పెంచాలి, పెంచితే మోయలేరు. ముందు మోకాలి కింది రేకులు తీసేశారు, తర్వాత చేతుల రేకులు తీసేశారు, 17వ శతాబ్దంలో చాలామంది రౌతులకు ముందూ వెనకా రెండు రేకులూ, ఒక టోపీ మిగిలాయి.

వెళ్లిపోబోతూ మన దేశపు ఏనుగు కవచం చూశాం. మద్రాసు గవర్నర్‌గా చేసిన ఎడ్వర్డ్ క్లైవ్ భార్య ఇంగ్లండ్‌కు తెచ్చుకుంది. మిగిలిన భాగమే 5,840 రేకులు, 118 కిలోలు. రేకుల్ని కలిపినవి చిన్న చిన్న గొలుసు రింగులు. రేకూ గొలుసూ కలిసి ఒకే ఒంటి మీద ఎలా పనిచేస్తాయో చూడాలంటే ఇది చాలు.

మూసే వేళ దగ్గరపడిందని చెప్పారు. మళ్లీ హెన్రీ దగ్గరికే నడిచాం. మనవరాలు అద్దానికి ముక్కు ఆనించి మోచేతి పట్టీలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మధ్యలో తప్పిపోయి, తన చెయ్యి ఒకసారి మడిచి చూసుకుని, మళ్లీ ఒకటి నుంచి ఎత్తుకుంది.