నోరు వాసనొస్తే ముందు నాలుక చూడాలె

నోరు వాసనొస్తే నల్లగొండ దిక్కు అందరూ కడుపు ఖరాబైందంటరు. చాలామందికి అసలు జాగా నాలుక వెనక భాగం. అక్కడి తెల్లపాచిలో, గాలి తగలని చోట బతికే బ్యాక్టీరియా గంధకం వాయువులు వదులుతది. మణికట్టు నాకి, 10 సెకన్లు ఆరనిచ్చి వాసన చూడండి, కొంత తెలుస్తది.

నాలుకబద్దను వీలైనంత వెనక ఆనించి, మెల్లగ ముందుకు నాలుగైదుసార్లు గీకాలె. ప్రతిసారీ బద్దను కడగాలె. నెత్తురొచ్చేదాకా గీకుడు వద్దు, ఆ పుండే ఇంకో తిప్పలు. యాపపుల్ల మంచిదేగానీ పండ్ల సందుల్లకు పోదు. అక్కడ ఇరికిన మాంసం పీచుకు ఫ్లాస్ దారమే దిక్కు.

ఫ్లోరైడ్ నీళ్లతోటి పండ్ల మీద పడ్డ గోధుమ మచ్చలు వాసన రావు. వాటిని ఇటుకపొడితో రుద్దితే పండ్ల పైపొర (ఎనామిల్) అరుగుతది, మచ్చ మాత్రం పోదు.

ఎల్లిగడ్డకారం సంగతి వేరు. దాని వాసన నెత్తుట్ల కలిసి ఊపిరితిత్తుల నుంచి వస్తది, ఎంత తోమినా గంటలపాటు ఉంటది.

నోరు పుక్కిలించే మందు, 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్, 10 మి.లీ. పుక్కిలిస్తే నాలుక పాచితోటి వచ్చే వాసన తగ్గుతది, కానీ రెండు వారాలు దాటితే పండ్లకు మరకలు పడుతయి. చిగుళ్ల నుంచి నెత్తురొస్తుంటే పండ్ల డాక్టరుతో గార తీయించుకోవాల్సిందే. షుగరున్నోళ్ల నోట్ల మాగిన పండు వాసన, వాంతులు, ఆయాసం కలిసొస్తే తెల్లారేదాకా ఆగకుండ దవాఖానకు పోవాలె.